ఎనిమిది పిల్లలకి వంద డోసుల సీసా: మా పెరటి కోళ్ళ డైరీ

2024 నవంబర్ 17, ఆదివారం

ఇవాళ్టితో మొదలు. రెండు పెట్టలు, ఒక పుంజు, అన్నీ నాటువే, మూడూ కలిపి రెండు వేల రెండొందలు. పక్క ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర కొన్నాను. కార్తీకమాసంలో మావైపు సగంమంది నీచు ముట్టరు కాబట్టి ఇప్పుడే కొనుక్కోమని, పండగ దగ్గరపడేకొద్దీ ఇదే పుంజు ధర ఎక్కడికో వెళ్ళిపోతుందని వెనకింటి బాబాయ్ పదిరోజులుగా చెవిలో పోరుతున్నాడు. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు, నేను రైసు మిల్లులో గుమస్తాని. అంటే నూకలు, తౌడు, ఊక నాకు కొదవ లేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను. కోళ్ళ గురించి తెలిసింది మాత్రం సున్నా.

తెచ్చిన కోళ్ళని వెంటనే వదలకూడదట. మూలింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "ఒరేయ్ అబ్బాయ్, కాళ్ళకి గుడ్డపేలికలు కట్టి నాలుగు రోజులు చెట్టు కింద ఉంచు, లేకపోతే రాత్రికి ఎవరి చెట్టెక్కుతాయో నీకే తెలీదు" అన్నారు. తాడుతో కడితే కాలు కోసుకుంటుంది, అందుకే పాత చీర అంచు చింపి కట్టాను. ఐదో రోజున వదిలేటప్పుడు కూడా పొద్దుటే కాకుండా చీకటి పడటానికి అరగంట ముందు వదలమన్నారు. దూరం పోయే టైము ఉండదు, గూడు వెతుక్కుంటాయి అని.

నవంబర్ 24

గూడు పూర్తయింది. సరుగుడు బాదులు నాలుగు పాతి, నేలకి అడుగున్నర ఎత్తులో చెక్కలు కొట్టి, పైన రేకు వేసి, ఆ రేకు మీద తాటాకు కప్పాను. వట్టి రేకయితే వేసవిలో లోపల కోళ్ళు వేగిపోతాయి. ఎత్తు ఎందుకంటే మా పెరడు పల్లం, గట్టి వాన పడితే పాదం మునిగేదాకా నిలుస్తుంది. లోపల మూడంగుళాల మందాన ధాన్యం ఊక పోశాను.

ఒక్క తప్పు చేశాను, ఇది రాసుకోవాలి. షాపులో "కోళ్ళ మెష్" అడిగితే ఆరుపలకల కన్నాలున్న సన్న తీగ వల ఇచ్చాడు. అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుందిగానీ బయట ఉన్నదాన్ని ఆపదు. ఎలుక ఇట్టే దూరుతుంది, పిల్లి పంజా పెడుతుంది, కుక్క పీకితే తీగ సాగిపోతుంది. బాబాయ్ వేలితో లాగి చూపించాడు, అలా విచ్చుకుపోయింది. మళ్ళీ డబ్బులు పోసి అరంగుళం కన్నాల వెల్డింగ్ మెష్ కొన్నాను. ముందే కొంటే నాలుగొందలు మిగిలేవి.

డిసెంబర్ 20

నల్ల పెట్ట పొదుగుకొచ్చింది. మూడు రోజులుగా బుట్టలోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంటోంది, ముక్కుతో పొడిచేస్తోంది.

ఎన్ని గుడ్లు వేయాలి అన్న ఒక్క ప్రశ్నకి వీధిలో నాలుగు జవాబులొచ్చాయి. మామ్మగారేమో బేసి సంఖ్యే ఉండాలి, మంగళవారం వద్దు, బుట్టలో ఇనపమేకు, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టాలి, ఉరుములకి గుడ్లు చెడకుండా అన్నారు. డిసెంబర్‌లో ఉరుములేంటి మామ్మగారూ అంటే, "నీకెందుకురా, పెట్టు" అన్నారు. పెట్టాను. పోయేదేముంది, ఒక మేకు. ఎదురింటి వదిన మాత్రం పనికొచ్చే మాట చెప్పింది. కోడి ఒళ్ళు ఎన్ని గుడ్లని కప్పుతుందో అన్నే పెట్టు, రెక్క కిందనుంచి గుడ్డు బయటికి కనిపిస్తే ఎక్కువైనట్టు, బయటికి జారిన గుడ్డు ఒక్కటే పోదు, వంతులవారీగా అన్నీ చల్లబడతాయి అని. పదకొండు పెట్టాను. అడుగున ఇసక, పైన ఎండుగడ్డి.

నేను ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తారీఖు వేస్తూ వచ్చాను, ఇది మాత్రం నా సొంత తెలివి. పది రోజులు దాటినవి మూడుంటే వాటిని కూరొండేశాం. పొదుగుకి దాచిన గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, సన్నకొస కిందికి ఉండేలా బియ్యం డబ్బాలో పెట్టాం.

డిసెంబర్ 27

ఏడో రాత్రి. సెల్ టార్చి మీద గుప్పిట బిగించి, ఆ సందులో గుడ్డు ఆనించి చూశాను. మొదటిదాంట్లో ఏమీ లేదు, పసుపు వెలుగు ఒక్కటే. రెండోదాంట్లో ఎర్రటి నరాలు సాలీడు కాళ్ళలాగా చుట్టూ పాకి, మధ్యలో చిన్న నల్లచుక్క. అది కదిలింది. మా ఆవిడని లేపి చూపించాను, పిల్లల్ని కూడా లేపాను, రాత్రి పదకొండింటికి ఇంటిల్లిపాదీ గూటి దగ్గర. రెండు గుడ్లు ఖాళీవి, తీసేశాను. ఉంచితే మురిగి, పగిలి, మిగతావాటినీ పాడుచేస్తాయి.

2025 జనవరి 10

ముక్కోటి ఏకాదశి. తెల్లవారి లేచేసరికి బుట్టలోంచి కిచకిచలు. 21 రోజులకి సరిగ్గా లెక్క. తొమ్మిదింట్లో ఎనిమిది బయటపడ్డాయి, ఒకటి పెంకు చిట్లించి లోపలే చచ్చిపోయింది. మధ్యాహ్నం అది చిట్లినప్పుడు పెంకు తీసి సాయం చేద్దామా అనుకున్నాను, మామ్మగారు వద్దన్నారు. తొందరపడి పెంకు వలిస్తే నెత్తురు కారుతుంది. వద్దని ఆగాను, చచ్చిపోయింది. ఇందులో ఎవరిది తప్పో నాకు తెలీదు.

మొదటిరోజు మేత అక్కర్లేదు, పొట్టలో పసుపుసొన ఉంటుంది. నీళ్ళు మాత్రం ఇవ్వాలి. లోతు పళ్ళెంలో పోస్తే పిల్లలు మునిగి చస్తాయి, అందుకే మూతలో గులకరాళ్ళు వేసి పోశాను.

జనవరి 15, కనుమ

కనుమరోజు మా బావమరిది పుంజుని చూసిన చూపు నాకు నచ్చలేదు. "బావా, ముదిరిపోతుందేమో" అన్నాడు. ముదరనీ అన్నాను.

ఇంకో తలనొప్పి, మూడు రోజుల్లో ఇద్దరు వచ్చి పుంజుని పందేనికి అడిగారు. పైగా ఇది డేగా, రసంగియా (రంగునిబట్టి పందెంకోళ్ళకి పెట్టే పేర్లు) అని మా గుమ్మంలోనే కీచులాట. మెడ ఎర్రగా ఉంది కాబట్టి డేగే అని ఒకాయన, కాదు ఈకల కింద నలుపు చూడు అని ఇంకొకాయన. ఇవ్వనని చెప్పి పంపేశాను. వాళ్ళకి కోపమొచ్చినట్టుంది. రానీ.

జనవరి 19, ఆదివారం

టీకా రోజు. ఇక్కడ నేను చేసింది అంతా వివరంగా రాస్తున్నాను.

ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా చుక్క వేయాలి, కొక్కెర తెగులు రాకుండా. డాక్టర్లు రాణిఖేత్ అంటారు. మందుల షాపుకి శుక్రవారం వెళ్ళాను. దొరికిన చిన్న సీసా వంద డోసులది. నాకున్నవి ఎనిమిది పిల్లలు. ఒకటి రెండు డోసులు విడిగా అమ్మరా అంటే, ఇది గుళిక కాదండీ, పొడిగా ఉన్న బతికున్న వైరస్, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి అన్నాడు. సరే అని కొన్నాను. పాలిథీన్ కవరులో రెండు ఐసుముక్కలు వేసి ఇచ్చాడు. బండి మీద ఇంటికి ఇరవై నిమిషాలు, మధ్యలో మిల్లు దగ్గర లారీ వచ్చిందని ఆగాను, గంట గడిచింది, ఐసు నీళ్ళయిపోయింది. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను, ఆదివారం తీరిక కాబట్టి ఇవాళ వేశాను. ఎనిమిది చుక్కలు వేసి, మిగిలిన మందు పారబోయడానికి మనసొప్పక మళ్ళీ ఫ్రిజ్‌లో దాచాను. ఇరవై ఎనిమిదో రోజున రెండో విడత ఉందిగా, అప్పటికి పనికొస్తుందని.

ఫిబ్రవరి 7

దాచిన సీసాతో రెండో విడత వేసేశాను. డబ్బులు మిగిలాయి అనుకున్నాను. ఏడు పిల్లలు, ఎనిమిదోదాన్ని మొన్న గద్ద ఎత్తుకుపోయింది.

ఫిబ్రవరి 12

బర్డ్ ఫ్లూ. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం, రెండుచోట్లా భోపాల్ ల్యాబ్ వాళ్ళు నిర్ధారించారు. జబ్బు తేలిన చోటు చుట్టూ నిఘాకి గీసిన పది కిలోమీటర్ల గీతకి మా ఊరు బయటే ఉంది, అయినా వీధిలో అందరికీ టెన్షనే. చికెన్ కొనేవాడు లేడు, కోళ్ళఫారాల వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాం. మిల్లుకి తౌడు కోసం వచ్చే ఫారం లారీలని కొన్నాళ్ళు రావద్దన్నాం. నేను మిల్లులో వేసుకునే చెప్పులు గుమ్మం బయటే వదిలి, పెరట్లోకి వేరే చెప్పులు పెట్టుకున్నాను. కోళ్ళని పదిరోజులు గూట్లోనే ఉంచుతాను, అప్పుడే తిట్టుకుంటూ తిరుగుతున్నాయి.

మార్చి 5

నల్ల పెట్ట నిన్నటి నుంచి మూలన ముడుచుకుని కూర్చుంది. పొద్దుట చూస్తే రెట్ట ఆకుపచ్చగా, నీళ్ళగా. నోరు తెరిచి గాలి లాగుతోంది, లాగినప్పుడల్లా గురగుర. మధ్యాహ్నానికి రెండు పిల్లలకీ అదే.

మార్చి 9

ఐదు రోజుల్లో ఐదు పిల్లలు, నల్ల పెట్ట. ఒక పిల్ల చివరిరోజు మెడ వెనక్కి మెలితిరిగి, ఆకాశం వైపు చూస్తూ గుండ్రంగా తిరిగింది, మేత దగ్గరికి వెళ్ళాలని ముందుకి అడుగు వేస్తే వెనక్కే వెళ్ళింది. మా చిన్నది చూడకుండా గంప బోర్లించాను.

మామ్మగారివి తొమ్మిది పోయాయి. వదినవాళ్ళవి నాలుగు. ఎవరి దగ్గర మొదలైందన్నది ఎవరూ నోరు తెరిచి అనలేదుగానీ మూడు రోజులు ఎవరి గోడ దగ్గర వాళ్ళే ఉన్నారు. వదిన పుట్టింటి నుంచి ఫిబ్రవరి చివర్లో రెండు కోళ్ళు తెచ్చింది. నా కోళ్ళు నేను తెచ్చినవి. మామ్మగారి కోళ్ళు ఊరంతా తిరుగుతాయి. తేలేది కాదు.

ఫ్లూ రోజులు కాబట్టి మొదటి చావుకే పశువైద్యశాలకి చెప్పాను. కోళ్ళు పోతే ఎవరికీ చెప్పకుండా కాలవలో పడేసేవాళ్ళున్నారు, ఆ పని వద్దని నేనే నలుగురికీ చెప్పాను. వాళ్ళొచ్చి చూసి, శాంపిల్ తీసుకెళ్ళారు, ఫ్లూ కాదని తరవాత చెప్పారు, రాణిఖేతే. చచ్చినవాటిని మూడడుగుల గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాను.

టీకా వేశానుగదా అని అడిగితే, వచ్చినతను సీసా తెమ్మన్నాడు. తెచ్చాను. మూతకి మందు ఎండి అంటుకుని ఉంది. ఎప్పుడు కలిపారు అన్నాడు. జనవరి 19 అన్నాను. మళ్ళీ ఎప్పుడు వేశారు అన్నాడు. ఫిబ్రవరి 7 అన్నాను. తిట్టలేదు. "రెండోసారి మీరేసింది నీళ్ళండీ" అన్నాడు. మొదటిసారిదైనా గంటసేపు ఎండలో ఐసు లేకుండా తిరిగింది కాబట్టి అదీ సగం నీళ్ళే అని నాకు నేను చెప్పుకున్నాను.

తొంభై రెండు డోసులు దాచుకున్నాను నేను. ఆ రోజే గోడ అవతలికి ఒక కేకేస్తే మామ్మగారి కోళ్ళకి, వదిన కోళ్ళకి సరిపోయేవి. ఎవరి కోళ్ళు వాళ్ళవి అనుకుంటాంగానీ ఆ కోళ్ళు పగలంతా ఒకే పెంటపోగు గీకుతాయి.

మార్చి 30

గూడు ఖాళీ చేశాను. ఊక తీసి కాల్చి, చెక్కలకి సున్నం కొట్టి, మూడు వారాలు ఎండకి వదిలేశాను. నల్లది పోగా మిగిలిన మైలరంగు పెట్ట, పుంజు, రెండు పిల్లలు బతికాయి, వాటిని మామిడిచెట్టు కింద వేరే గంపలో ఉంచుతున్నాను. కొత్త కోళ్ళు వేసవి అయ్యేదాకా కొనేది లేదు.

మే 11

నలభై దాటిన ఎండ. పుంజు రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని నోరు తెరిచి ఒగురుస్తోంది. మట్టి మూకుళ్ళలో నీళ్ళు రోజుకి మూడుసార్లు మారుస్తున్నాను. మేత పొద్దుట ఆరింటికి, సాయంత్రం ఐదింటికే, మధ్యాహ్నం పెడితే తినవు, తింటే ఒళ్ళు వేడెక్కుతుంది.

ఈ తీరికలో రెండు ప్రయోగాలు చేశాను. ఒకటి అజొల్లా, మేతకి పెంచే, నీటి మీద తేలే పచ్చమొక్క. టార్పాలిన్ గుంటలో నీళ్ళు పోసి, పేడనీళ్ళు కలిపి, విత్తనం వేస్తే వారంలో పచ్చగా కమ్మేసింది. ఎంతో మురిపెంగా తీసుకెళ్ళి కోళ్ళ ముందు పోశాను. చూశాయి. వెళ్ళిపోయాయి. తౌడులో కలిపి తడిపి పెడితే మాత్రం తింటున్నాయి. రెండోది చెదలు. పాత కుండలో ఎండుగడ్డి, చిరిగిన గోనె, కాస్త పేడ కుక్కి, నీళ్ళు చల్లి, చెదపుట్ట ఉన్నచోట బోర్లించి రెండు రాత్రులు వదిలేయాలి. ఇది మామ్మగారి విద్య. మూడో పొద్దుట కుండ తిరగేస్తే లోపల తెల్లగా కదులుతోంది, కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుని మీదపడ్డాయి. పైసా ఖర్చు లేదు. అజొల్లా గురించి నాకు మూడుగంటలు చెప్పినవాడు చెదల గురించి ఒక్కమాట చెప్పలేదు.

గుడ్డు పెంకు పల్చబడిందని వదినతో అంటే, నూకలు తప్ప ఏం పెడుతున్నావు అంది. నిజమే. పంటకాలవ గట్టున దొరికే నత్తగుల్లల్ని ఎండబెట్టి దంచి ఒక చిప్పలో విడిగా పెట్టాను. మేతలో కలపలేదు, వాటికి ఎంత కావాలో అవే తింటాయి. పదిరోజుల్లో పెంకు గట్టిపడింది.

జూన్ 8, ఆదివారం

మైల పెట్టని పదమూడు గుడ్ల మీద కూర్చోబెట్టాను. ఈసారి ఆదివారమే ఎందుకు అంటే, లెక్క చూసుకున్నాను. 21 రోజులకి పొదుగు, ఏడో రోజు లసోటా, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ లసోటా, ఎనిమిది వారాలకి ఆర్‌2బి సూది (ఇదీ కొక్కెర తెగులు టీకాయే). అన్నీ ఏడు గుణిజాలే. ఆదివారం పొదగేస్తే పనులన్నీ ఆదివారాలే పడతాయి, నాలాంటి ఉద్యోగస్తుడికి సెలవు పెట్టే బాధ లేదు. ఇది ఎవరూ చెప్పింది కాదు, మిల్లులో కాలెండర్ చూస్తుంటే తట్టింది. బాబాయ్‌కి చెబితే ఆయనా శుక్రవారం వచ్చిన పొదుగు కోడిని ఆదివారందాకా ఉత్త గుడ్ల మీద కూర్చోబెట్టి, అప్పుడు మంచి గుడ్లు మార్చాడు. వదిన కూడా.

జూన్ 29

పది పిల్లలు. బాబాయ్‌వాళ్ళవి తొమ్మిది, వదినవి పదకొండు. ఒకే రోజు!

పెరడు మీద వల కట్టాను. రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టే వల పాతది, కిలోల లెక్కన దొరికింది. గద్ద పొద్దుట వచ్చి కరెంటు స్తంభం మీద కూర్చుని చూసి పోయింది.

జూలై 6, ఆదివారం

ఇవాళ్టి సంగతి తీరిగ్గా రాస్తాను.

వారం ముందు నుంచి ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకున్నాను. తొమ్మిది ఇళ్ళు, పెద్దవీ చిన్నవీ కలిపి 96. సీసా వంద. మార్చి తరవాత ఎవరికీ నచ్చచెప్పాల్సిన పని పడలేదు, ఒక్క మామ్మగారు తప్ప. "మా అత్తగారి కాలంనుంచి కోళ్ళున్నాయి, సూదీ లేదు మందూ లేదు" అన్నారు. నిజమేగానీ ఆ కాలంలోనూ వేసవి ముందు ఊడ్చిపెట్టుకుపోయేవిగా అంటే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పోయేవిరా" అన్నారు.

రొయ్యలు తోలే థర్మాకోల్ పెట్టె ఒకటి కడిగి, చేపల దుకాణంలో ఐసు నింపుకుని షాపుకి వెళ్ళాను. షాపు ఫ్రిజ్‌లోంచి సీసా తిన్నగా ఐసులోకి. మధ్యలో ఎక్కడా ఆగలేదు, మిల్లు నుంచి ఫోనొచ్చినా ఎత్తలేదు. అందరికీ ఒక్కటే చెప్పాను, పొద్దుట నేనొచ్చేదాకా గూటి తలుపు తీయొద్దు.

ఐదున్నరకి మా అరుగు మీద కలిపాను. చల్లటి ద్రావణాన్ని సూదితో పొడిసీసాలోకి ఎక్కించి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, అంతా మళ్ళీ పెద్ద సీసాలోకి లాగి, డ్రాపర్ మూత బిగించాను. మా ఆవిడ గోడగడియారం చూసి టైము నోట్‌బుక్కులో రాసింది. ఏడున్నర దాటితే ఉన్నది పారబోయడమే, ఎవరు బతిమాలినా సరే.

మొదటి పిల్ల. ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలు చూపుడువేలు తల రెండువైపులా ఆనించి, కన్ను పైకి వచ్చేలా తిప్పాలి. గుప్పిట్లో దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందంటే మన చెయ్యే వణుకుతోందేమో అనిపిస్తుంది. డ్రాపర్ కంటికి తగలకుండా ఒక్క చుక్క. చుక్క కంటి మీద అద్దంబొట్టులా ఒక క్షణం నిలబడుతుంది, పిల్ల కన్ను ఆర్పుతుంది, తెరుస్తుంది, చుక్క ఉండదు. అప్పుడే వదలాలి. ఆర్పకముందే వదిలితే తల విదిలిస్తుంది, మందు మన చొక్కా మీద. జనవరిలో నా చొక్కాకి ఎన్ని డోసులు పడ్డాయో.

నాలుగో ఇంటిదాకా బాగానే నడిచింది. ఐదో ఇంటి పెద్దాయన తెల్లవారుజామునే లేచి అలవాటుకొద్దీ గూడు తీసేశాడు. ఆరు కోళ్ళు మునగచెట్టెక్కాయి. ఇద్దరు కుర్రాళ్ళు చెట్టెక్కితే అవి పాక మీదికి దూకాయి, పాక మీంచి గోడ, గోడ మీంచి మామ్మగారి పెరడు. నూకలు చల్లి పిలిస్తే మూడొచ్చాయి. మిగతా మూడింటిని గంపతో మూయడానికి పావుగంట పట్టింది, కొమ్మలు విరిగాయి, ఒకడి లుంగీ చిరిగింది. ఆ పెద్దాయన మాత్రం అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, "అదిగో అటు, ఇటు" అని చెబుతూ ఉన్నాడు.

మామ్మగారింటికి వెళ్ళేసరికి ఏడు. ఆవిడ అప్పటికే కోళ్ళన్నిటినీ ఒక్కొక్క గంప కింద విడిగా మూసి, వరసగా పెట్టి, మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. బోడిమెడ పెట్టని తనే పట్టుకున్నారు, రెండు రెక్కలూ ఒక చేత్తో, కాళ్ళు ఒడిలో, నాకన్నా వందరెట్లు నయంగా. "వెయ్యి" అన్నారు. ఏడూ పదికి ఆఖరి చుక్క. 96లో రెండు దొరకలేదు. మిగిలిన మందు సీసాతో సహా మరిగే నీళ్ళలో వేసి, పూడ్చేశాను. ఇంటికి ఇరవై రూపాయలు పడింది.

జూలై 27

రెండో విడత కూడా ఇలాగే అయింది, ఈసారి పెద్దాయన గూటికి ఆయన కోడలు తాళం వేసింది.

ఆగస్టు 24

ఎనిమిది వారాలు. ఆర్‌2బి రెక్క దగ్గర చర్మం కిందికి వేయాలి, ఇది చుక్క మందు కాదు, చిన్నపిల్లలకి వేయకూడదు, కాస్త గట్టిది. పశువైద్యశాలలో పనిచేసే అబ్బాయిని పిలిచాం, మార్చిలో నా సీసా చూసినతనే. నీరసంగా ఉన్న రెండు కోళ్ళని పక్కన పెట్టేశాడు, జబ్బున్నదానికి టీకా వేయకూడదని. గుడ్లు పెట్టే పెట్టలకి నాలుగు రోజులు గుడ్లు తగ్గొచ్చని ముందే చెప్పాడు, ఎవరూ గొడవ చేయలేదు.

సెప్టెంబర్ 21

వానలు, దోమలు. మూడు పిల్లలకి కళ్ళ చుట్టూ, ముక్కు మీద మినపగింజలంత బొబ్బలు. అమ్మోరు పోసిందన్నారు. ఇది కొక్కెర తెగులు కాదు, దీని టీకా వేరు, దోమలవల్ల వస్తుంది, నేను ఆ టీకా వేయించలేదు. పసుపు, వేపనూనె రాస్తున్నాను. పక్కులు గిల్లకూడదు. ఒకదానికి కళ్ళు మూసుకుపోతే నాలుగు రోజులు ఉడికించిన నూకలు ఉండలు చేసి నోట్లో పెట్టాం. బతికింది. ఎడమకన్ను సరిగా తెరవదు. దానికి మా చిన్నది "కన్నుకొట్టేది" అని పేరు పెట్టింది.

అక్టోబర్ 29

మొంథా తుఫాను రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. నిన్న మధ్యాహ్నమే కోళ్ళన్నిటినీ బాత్రూంలోకి చేర్చాం, గోనెలు పరిచి. రాత్రంతా గాలి. పన్నెండింటికి కరెంటు పోయింది, చీకట్లో పుంజు మూడుసార్లు కూసింది, మా ఆవిడ నావైపు చూసిన చూపు చీకట్లో కనపడలేదుగానీ తెలిసింది. పొద్దుట లేస్తే గూటి రేకు బాబాయ్ అరటితోటలో ఉంది. బాదులు కదల్లేదు. మిల్లు చుట్టూ చేలన్నీ నేలకొరిగాయి, దాని ముందు నా రేకు ఒక లెక్కా.

డిసెంబర్ 28

పది పిల్లల్లో ఏడున్నాయి. రెండు ముంగిసకి, ఒకటి ఆటో కింద. జబ్బుకి ఒక్కటీ పోలేదు. ఏడింట్లో మూడు పెట్టలు, నాలుగు పుంజులు, ఇంతకన్నా అన్యాయం ఉండదు. రెండు పుంజుల్ని పండగలోపు అమ్మేయాలి, తినడానికే అన్న మాట తీసుకుని.

ఇవాళ కన్నుకొట్టేది మొదటి గుడ్డు పెట్టింది, సరిగ్గా ఆరునెలలకి. పావురం గుడ్డంత ఉంది, మీద కాస్త నెత్తురు చార. పొయ్యి దగ్గర గిన్నెలో పెట్టి అందరికీ చూపిస్తోంది మా చిన్నది.

ఇంకో సంగతి. మామ్మగారి బోడిమెడ పెట్ట పదిరోజులుగా గుడ్లు పెట్టట్లేదని ఆవిడ గోల. ఆర్‌2బివల్లే అని ఆగస్టు నాటి సూదిని ఇప్పుడు తిడుతున్నారు. పొద్దుట గూటి వెనక గోనెసంచుల కట్ట తీస్తే అందులో గుంట చేసుకుని తొమ్మిది గుడ్లు, లేత గోధుమరంగువి, మావి కావు. చెయ్యి పెడుతుంటే గోడ మీంచి బోడిమెడది దూకి వచ్చి, నన్ను పొడిచి, వాటి మీద కూర్చుంది. గుర్రుమంటోంది. ఇవాళ ఆదివారమే. లేపి మామ్మగారికి ఇస్తే పొదుగు చెడిపోతుంది, ఇక్కడే ఉంచితే పిల్లలు ఎవరివి అన్న పంచాయితీ. సాయంత్రం వెళ్ళి చెప్పాలి. ముందు ఒక మేకు, బొగ్గుముక్క వెతికి పెట్టాలి, లేకపోతే ఆవిడ అదే అడుగుతారు.